వెనుక యాక్సిల్ నుంచి నూనె కారుతుంటే



కొండదారుల్లో, బురదలో, వాగుల్లో నడిచే వాహనాన్ని మీరందరూ చూసే ఉంటారు. అది పాత జీపు కావచ్చు. 1985లో వచ్చి మూడు దశాబ్దాలకు పైగా తయారైన మారుతి జిప్సీ కావచ్చు. రాత్రంతా నిలిపి ఉంచిన అలాంటి బండి కిందికి పొద్దున్నే ఒకసారి వంగి చూడండి. వెనుక చక్రం లోపలివైపు నల్లటి జిడ్డు మరక కనిపిస్తే ఏం చేయాలో ఈరోజు తెలుసుకుందాం.

వెనుక యాక్సిల్ అంటే రెండు చక్రాలను కలిపే ఒక ఉక్కు గొట్టం. దాని మధ్యలో గుండ్రని పెట్టె, ఆ పెట్టెలో క్రౌన్ వీల్, పినియన్ ఉంటాయి. వాటి పళ్లు అరిగిపోకుండా లోపల చిక్కటి గేర్ ఆయిల్ పోస్తారు. తిరిగే షాఫ్టు బయటికి వచ్చే ప్రతిచోటా నూనెను ఆపేది ఆయిల్ సీలు. అది ఒక రబ్బరు పెదవి. దాన్ని షాఫ్టుకు హత్తుకునేలా చుట్టూ సన్నని స్ప్రింగు ఉంటుంది.

ముందుగా నూనె ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోవాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కలిసే చోట తడి ఉంటే పినియన్ సీలు, పెట్టె అంచున ఉంటే ప్యాకింగు, చక్రం దగ్గర ఉంటే యాక్సిల్ సీలు. చక్రం దగ్గర కారేది బ్రేక్ ఆయిల్ కూడా కావచ్చు. వేలికి రాసి చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం కాలిన వాసనతో ఉంటుంది. బ్రేక్ ఆయిల్ పలుచన, నీటితో కడిగితే పోతుంది. రెండూ ప్రమాదమే. డ్రమ్ములోకి నూనె చేరితే ఆ చక్రానికి బ్రేకు పట్టదు, బండి ఒక పక్కకు లాగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు దాని అర్థమేమిటో మీకు చెప్పనక్కర్లేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా పాత జీపుకు మూడు నెలల్లో రెండుసార్లు సీలు మార్పించాను. రెండుసార్లూ మళ్లీ కారింది. సీలు నాసిరకమని మెకానిక్‌ను తిట్టుకున్నాను కూడా. తప్పు నాదే. యాక్సిల్ పైన బ్రీదర్ అనే చిన్న గాలి రంధ్రం ఉంటుంది. అది బురదతో పూడుకుపోయింది, నేను ఒక్కనాడూ చూడలేదు.

మీరు చదివిన వాయు సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ఘనపరిమాణం మారనప్పుడు వాయుపీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. 30 డిగ్రీల యాక్సిల్ నడిచి నడిచి 90 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. అంటే 303 నుంచి 363 కెల్విన్‌లకు. పీడనం దాదాపు 20 శాతం పెరుగుతుంది, చదరపు సెంటీమీటరుకు సుమారు 200 గ్రాముల బరువు మోపినట్టు. చిమ్మే నూనెను ఆపడానికి చేసిన సీలు ఇంత ఒత్తిడికి తాళలేదు. దీనికి ఎదురు సంగతీ ఉంది. వేడి యాక్సిల్ చల్లని వాగులో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీటిని పీల్చుకుంటుంది. నూనె పాలు కలిపినట్టు తెల్లబడితే నీరు చేరిందన్నమాటే. అందుకే బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఎత్తున కట్టుకుంటారు.

ఇక మరమ్మతు. సమతలంలో నిలిపి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. చక్రం, డ్రమ్ము తీసి, షాఫ్టును లాగి, పాత సీలు పెకలించాలి. సీలు ఆనే చోట షాఫ్టుపై గోరు పెట్టి చూడండి. గోరు తగులుకునేంత గాడి పడితే కొత్త సీలు వేసినా వృథా, షాఫ్టు మార్చవలసిందే. కొత్త సీలు పెదవి నూనెవైపు తిరిగి ఉండాలి. దానికి కాస్త గ్రీజు రాసి, చుట్టూ సమంగా తట్టి దించాలి. నూనె పీల్చిన బ్రేక్ లైనర్లను పెట్రోలుతో కడిగి వాడేవారున్నారు. వేడెక్కగానే అందులోని నూనె మళ్లీ పైకి వస్తుంది. రెండు వైపులా కొత్తవి వేయండి. బ్రేక్ పైపు విప్పి ఉంటే గాలి తీయడం మరవద్దు. నూనె నింపే రంధ్రం కింది అంచు వరకే పోయాలి. ఎక్కువైనా కారుతుంది.

పినియన్ సీలు దగ్గర మాత్రం తొందర పనికిరాదు. ఆ నట్టు బిగువు మీదే బేరింగుల ఒత్తిడి ఆధారపడుతుంది. విప్పేముందు నట్టుకూ షాఫ్టుకూ గుర్తు గీసుకోండి. బలంకొద్దీ బిగిస్తే బేరింగులు కాలిపోతాయి.

గొట్టం వంగినా, వెల్డింగు దగ్గర పగిలినా, నూనెలో ఉక్కు ముక్కలు కనిపించినా సీళ్లతో తీరేది కాదు. గొట్టం వంగితే షాఫ్టు సీలుకు నడిమధ్య ఉండదు, కొత్త సీలు కొద్ది వారాలకే పోతుంది. అప్పుడు యాక్సిల్ మొత్తం మార్చడమే చవక. పాత సామాన్ల బజారులో కొనేటప్పుడు పళ్ల లెక్క అడగండి. క్రౌన్‌కు 41, పినియన్‌కు 10 పళ్లుంటే నిష్పత్తి 4.1. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిలో ముందు యాక్సిల్ నిష్పత్తీ అదే ఉండాలి. తేడా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు, వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. బురదలో టైర్లు జారి సర్దుకుంటాయి గానీ, గట్టి రోడ్డు మీద విరిగేది గేరు పళ్లో, షాఫ్టో.