వీడియో ఉచితమే, సమయం ఎవరిది?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల సమావేశంలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కొత్తగా నేర్చుకునే ఆడపిల్లల కోసం నేను కొన్నేళ్లుగా తెలుగులో వీడియో పాఠాలు తయారు చేస్తున్నాను. ఆ పనిలో నాకు తెలిసివచ్చిన విషయాలే మీతో పంచుకుంటాను.

ఇది మగవాళ్ల విద్య అనే మాట తరచూ వింటాం. 1946లో అమెరికాలో ప్రజలకు చూపించిన ఎనియాక్ కంప్యూటర్ మీద ప్రోగ్రాములు నడిపించింది ఆరుగురు స్త్రీలు. పేరు మాత్రం యంత్రాన్ని నిర్మించిన మగ ఇంజనీర్లకే వచ్చింది. ఈ స్త్రీలను దశాబ్దాల పాటు ఎవరూ తలుచుకోలేదు. పని మనది, పేరు వాళ్లది. ఇది మనకు కొత్త కాదు.

వీడియో పాఠాలు వచ్చాక ఫీజు అక్కర్లేదు, నగరానికి పోనక్కర్లేదు, ఇంట్లోనే నేర్చుకోవచ్చు అన్నారు. నేనూ నమ్మాను. కానీ ఆ ఇల్లు ఎవరిది? ఆ ఫోను ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు నూటికి 57 మంది, స్త్రీలు 33 మంది. తెలంగాణలో ఆ స్త్రీలు 27 మందికి మించలేదు, ఆంధ్రప్రదేశ్‌లో 21 మందే.

నా పాఠాలు చూసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఇంట్లో ఉన్న ఒకే ఫోను తమ్ముడిది. వంట, అంట్లు అన్నీ అయ్యాక రాత్రి పదింటికి ఆమె చేతికొచ్చేది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే "ఎవడితో మాట్లాడుతున్నావే?" అని తండ్రి గద్దించేవాడు. నెల తిరక్కుండానే ఫోను లాక్కున్నారు. చాలా రోజుల తర్వాత మా కేంద్రానికి వచ్చి చెబితే గాని ఈ విషయం నాకు తెలియలేదు. అప్పటిదాకా నా లెక్కలో ఆమె పాఠం చూసినవాళ్లలో ఒక అంకె మాత్రమే.

నా పొరపాటు ఇంకొకటి ఉంది. చూడటమే నేర్చుకోవడం అనుకున్నాను. "అర్థమైందక్కా" అన్నవాళ్లే ఖాళీ తెర ముందు కూర్చోబెడితే ఒక్క లైను రాయలేకపోయారు. తెర మీద తప్పు అని కనబడగానే తమకే తెలివి లేదనుకుని లేచిపోయేవారు. తప్పు రాయని ప్రోగ్రామరు ఉండదని వీడియోలో నేనెప్పుడూ చెప్పలేదు, నా తప్పులన్నీ కత్తిరించి చూపించాను గనుక.

అందుకే పద్ధతి మార్చాం. ఆదివారం మధ్యాహ్నం ఎనిమిది మంది, రెండు పాత కంప్యూటర్లు, పది నిమిషాల వీడియో. ఆపడం, చెయ్యడం, మళ్లీ చూడటం. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఇలా చూస్తూ పక్కనే చేసుకుపోయేందుకు తయారైనవే. తెలుగులోనూ ఉన్నాయి.

మేం మొదట రాసింది పొదుపు సంఘం వడ్డీ లెక్క. పైథాన్ భాషలో అంకెలకు మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలోనే రాయవచ్చు. అసలు 5000, నెలలు 6, నూటికి రూపాయి వడ్డీ. మూడు లైన్లతో 300 అని వచ్చింది. ఒకామె నూటికి ఐదు రూపాయలని మార్చి చూసింది. 1500 అని పడింది. అది ఆమె వడ్డీవ్యాపారికి కడుతున్న లెక్క. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా తరగతుల్లో స్త్రీలు కలిసి కూర్చుని చదువుకున్నారు. ఆ చర్చల నుంచే 1992లో దూబగుంట సారా వ్యతిరేక పోరాటం లేచింది. ఆ పాఠాన్ని ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా చదివి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఆ అమ్మాయి ఇప్పుడు తల్లిని వెంటబెట్టుకుని వస్తోంది. ఒంటరిగా ఫోను చూస్తే అనుమానించిన ఇల్లు, సంఘానికి వెళ్తున్నానంటే అడ్డు చెప్పలేకపోయింది.

ప్రోగ్రాములు నేర్చుకుంటే ఉద్యోగాలు వచ్చిపడతాయని ఎవరికీ ఆశ పెట్టకండి. మీ కేంద్రంలో ఒక కంప్యూటరు, వారానికి రెండు గంటలు, స్త్రీల కోసమే కేటాయించండి. గ్రంథాలయాల్లో కూడా ఆ సమయాన్ని అడుగుదాం. వీడియో ఎవరైనా ఇస్తారు. ఆ రెండు గంటలు మనమే సాధించుకోవాలి.