పాటలోని కోర్టు, వినిపించని సాక్ష్యం

(పాట - ప్రతిఘటన అనే అంశంపై జరిగిన మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను ఎంచుకున్న పాట మీలో కొందరికి వింతగా అనిపించవచ్చు. 1988లో అమెరికాలో ఎన్.డబ్ల్యూ.ఎ. అనే నల్లజాతి యువకుల బృందం పాడిన ర్యాప్ పాట అది. 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' అన్న ఆల్బంలో ఉంది. పోలీసులను పచ్చి బూతుతో తిట్టడమే దాని పేరు కనుక ఇక్కడ ఆ పేరు పలకడం లేదు. గ్యాంగ్‌స్టా ర్యాప్ అనే ధోరణిని లోకానికి తెలియజెప్పిన పాటల్లో అదొకటి. దాన్ని స్త్రీలుగా మనం ఎలా వినాలన్నదే నా ప్రశ్న.

ముందు అది పుట్టిన నేల చూద్దాం. కాంప్టన్ లాస్ ఏంజెలిస్‌కు దక్షిణాన ఉన్న ఊరు. ముఠాలను అణచే పేరుతో ఆ రోజుల్లో లాస్ ఏంజెలిస్ పోలీసులు నల్లవాళ్ల పేటల మీద పడేవారు. 1988 ఏప్రిల్‌లో ఒక్క వారాంతంలోనే వెయ్యిమందికి పైగా అరెస్టు చేశారు.

ఈ పాట ఒక కోర్టులా నడుస్తుంది. డాక్టర్ డ్రే జడ్జి. ఐస్ క్యూబ్, ఎం.సి. రెన్, ఈజీ-ఇ ఒకరి తర్వాత ఒకరు సాక్ష్యం చెబుతారు. ముద్దాయి పోలీసు, చివరికి దోషిగా తేలేదీ అతనే. ఎప్పుడూ బోనులో నిలబడే వాళ్లు మొదటిసారి ఫిర్యాదుదారులయ్యారు. పోలీసులపై హింసను ప్రోత్సహిస్తున్నారంటూ 1989లో ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు రికార్డు కంపెనీకి ఉత్తరం రాశాడు. పాటకు అది మరింత ప్రచారమే తెచ్చింది. 1991లో రాడ్నీ కింగ్‌ను పోలీసులు కొడుతున్న వీడియో బయటపడ్డాక ఆ సాక్ష్యంలోని నిజం చాలామందికి అర్థమైంది.

తరువాతి తరాలు ఆ పాటను వదల్లేదు. 2001లో డెట్రాయిట్‌కు చెందిన జె డిల్లా అదే పేరుతో పాట చేశాడు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కాంప్టన్‌వాడే అయిన వై.జి. ఆ పేరును పొడి అక్షరాలుగా కుదించి మరో పాట తెచ్చాడు. అదే ఊళ్లో పెరిగిన కెండ్రిక్ లామార్ 2015లో పాడిన 'ఆల్‌రైట్' ఊరేగింపుల్లో నినాదమైంది. ఆ పాత ఆల్బంను 2017లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచవలసిన రికార్డుల జాబితాలో చేర్చింది.

అయితే ఆ కోర్టులో స్త్రీ సాక్ష్యం లేదు. పైగా అదే బృందం పాటల్లో స్త్రీలను పిలిచిన పేర్లు మనం నోట పలకలేనివి. 1991 జనవరిలో డీ బార్న్స్ అనే నల్లజాతి టీవీ వ్యాఖ్యాతను హాలీవుడ్‌లో డ్రే కొట్టాడు. పాటలో జడ్జి అయినవాడు నిజమైన కోర్టులో ముద్దాయి అయ్యాడు. నేరారోపణపై వాదించకుండా శిక్షకు ఒప్పుకున్నాడు. 2015లో ఆ బృందం కథతో వచ్చిన సినిమాలో ఈ సంఘటన ఊసే లేదు. బార్న్స్ ఆ సంగతి రాసింది. కొద్దిరోజులకు డ్రే తాను గాయపరచిన స్త్రీలకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. దానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. స్త్రీద్వేషం కాంప్టన్‌లో పుట్టలేదు. స్త్రీల గౌరవం పేరు చెప్పి నల్లవాళ్ల నోరు నొక్కే వాళ్లకు మనం గొంతు అరువివ్వనక్కర్లేదు. అలాగని పోలీసు హింసను ప్రశ్నించిన పాట కదా అని స్త్రీపై హింసను పక్కన పెట్టడమూ కుదరదు. రెండు సాక్ష్యాలూ వినవలసిందే.

నల్లజాతి స్త్రీలు చేసింది అదే. వాళ్లు ర్యాప్‌ను వదిలిపోలేదు. క్వీన్ లతీఫా 1993లో 'యు.ఎన్.ఐ.టి.వై.' పాటలో వీధిలో వేధించేవాణ్ణి, ఇంట్లో కొట్టేవాణ్ణి, తిట్టుపేర్లతో పిలిచేవాణ్ణి నిలదీసింది. 1995లో దానికి గ్రామీ అవార్డు వచ్చింది. 2021లో జనెల్ మోనే, తోటి కళాకారులు కలిసి పోలీసుల చేతుల్లో చనిపోయిన 61 మంది నల్లజాతి స్త్రీల, బాలికల పేర్లు వరసగా పలికే పాట విడుదల చేశారు. అది పదిహేడు నిమిషాల పాట. వినడం కష్టం. మధ్యలో ఆపేయాలనిపిస్తుంది. ఆపకుండా వినమని మిమ్మల్ని కోరుతున్నాను.

1988 నాటి పాట తెరిచిన కోర్టు ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పుడు అందులో స్త్రీలూ బోనెక్కి సాక్ష్యం చెబుతున్నారు. ఆ చోటు వాళ్లకు ఎవరూ ఇచ్చింది కాదు, వాళ్లే తీసుకున్నారు.