శైశవ పోషణము – కుటుంబ ధర్మము



మన సంఘము విద్యార్థి వసతిగృహమును నడుపుచున్నది. పేదవిద్యార్థులకు వేతనము లొసగుచున్నది. ఇందులకు ద్రవ్యమిచ్చిన దాతలకు మనమెల్లరమును కృతజ్ఞులము. అయినను ఈ సహాయము బిడ్డకు పదియేండ్లు దాటినపిమ్మట గాని చేరుట లేదు. అంతకు చాల ముందే ఆ బిడ్డ దేహమునకును బుద్ధికిని పునాది పడుచున్నది. ఆ పునాదిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మేము ముప్పదియేండ్లకు పైగా బడిలో చదువు చెప్పితిమి. ఒకటవ తరగతిలో చేరిన మొదటి దినముననే ఒక బిడ్డ అడిగినదానికి చక్కగా బదులు చెప్పుచుండెను; మఱియొక బిడ్డ తలయైన నెత్తకుండెను. ఇద్దఱును ఒక్క వీధివారే. ఇంచుమించుగా ఒక్కతీరు కలిమి గలవారే. విచారింపగా, ఇంట బిడ్డతో మాటాడువారు కలరా లేరా యనునదే తఱచుగా భేదముగా కానవచ్చుచుండెను.

ఇది మా యూహ మాత్రమే కాదు. జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ నగరములో 1986–87 సంవత్సరములందు శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అను వైద్యురాలును, ఆమె సహచరులును ఎదుగుదల కుంటువడిన 129 మంది పసిబిడ్డలను ఎన్నుకొనిరి. కొందఱికి వారమువారము పాలపిండి నిచ్చిరి. కొందఱి యిండ్లకు ఆరోగ్యసేవిక వారమున కొకతూరి పోయి, గంటసేపు కూర్చుండి, బిడ్డతో ఆడుటయు మాటాడుటయు తల్లికి నేర్పెను. ఆటవస్తువులు ఇంట చేసికొన్నవే. కొందఱికి రెండును కలవు. కొందఱికి రెండును లేవు. రెండేండ్లతో ఆ పని ముగిసెను. ఇరువదియేండ్లు గడచినపిమ్మట పరీక్షింపగా, ఆటమాటల పోషణ పొందినవారి సంపాదన, అది పొందనివారి సంపాదనకంటె నూటికి 25 వంతులు హెచ్చుగా నుండెనని 2014లో ప్రకటించిరి. పాలపిండి మాత్రమే పొందినవారియందు అట్టి చిరకాలఫలము కానరాలేదు. అన్నము వలదని దీని భావము కాదు; అన్నముతోపాటు ఆలన కావలెనని భావము.

మన పెద్ద లీ మర్మము నెఱుగనివారు కారు. ఆయుర్వేదాష్టాంగములలో కౌమారభృత్యము నొకటిగా నిలిపిరి. జాతకర్మము, నామకరణము, అన్నప్రాశనము మున్నగు సంస్కారములను అక్షరాభ్యాసమునకు ముందే విధించిరి. ఉగ్గుపాలు పోయుచు అవ్వ పలికెడి పలుకులును, తారంగమును, గుజ్జనగూళ్లును వ్యయములేని విద్యలు. నేడో, అవ్వ పల్లెలోను తలిదండ్రులు పట్టణములోను ఉన్నారు. పనితొందరలో బిడ్డచేతికి సెల్‌ఫోను దొరకుచున్నది. ఇందులకు తల్లిని నిందించుట తగదు. పగలెల్ల కూలికో కొలువునకో పోయివచ్చిన యామె యొక్కతెమీదనే ఈ భారము మోపుట న్యాయము కాదు. తండ్రియు, తాతయు, మేనమామయు దినమున కొక గడియయైనను బిడ్డతో గడపవలెను.

కావున ఈ మహాసభవారికి మా విన్నపము: వేతననిధిలో నొక భాగమును పసిబిడ్డలకై వేఱుపఱుపుడు. ఓర్పుగల చదువరిని, ఒక స్త్రీని నియమించి, ఊరి అంగన్‌వాడీవారితో కలిసి, మూడేండ్లలోపు బిడ్డలున్న పేదయిండ్లకు వారమున కొకతూరి పంపుడు. అందువలన ఇద్దఱు ముగ్గురు విద్యార్థులకు వేతనము తగ్గునే యని కొందఱు సంశయింపవచ్చును. ఆ సంశయము న్యాయమైనదే. కాని వసతిగృహపు వాకిలివఱకు రాలేక, నడుమనే బడి మానుచున్న బిడ్డల లెక్కయు మనము చూడవలదా? వారికి మన వేతన మెన్నడును అందుట లేదు.

దాతలు ఈ విషయమును ఈ సభలోనే నిర్ణయింతురని ఆశించుచు విరమించుచున్నాము. స్వస్తి.