వరస అదే, వాకిలి వేరు



మాస్టారి పాండిత్యం గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నాకు గుర్తున్నది వేరే. పరిశోధన రోజుల్లో నేను పెళ్లిపాటల టేపు పెడితే ఆయన లేచి కిటికీలు మూసేవారు, పక్క గదిలో వ్యాకరణ పాఠం చెడుతుందని. నా దగ్గర తీసుకున్న బిరుదురాజు రామరాజుగారి పుస్తకం తిరిగి ఇవ్వనేలేదు. మాస్టారి పేరిట ఈ ధర్మనిధి ఉపన్యాసం ఇమ్మన్నందుకు కృతజ్ఞతలు. ఆయనతో తెగని వాదం ఒకటి ఉండిపోయింది. ఎదురు జవాబు రాదని తెలిసీ దాన్ని ఇక్కడ ఎత్తుతున్నాను.

స్త్రీల రామాయణ పాటల్లో సీత, ఊర్మిళ, శాంత ఎలా మాట్లాడతారన్నది మీకు తెలిసిందే. వెల్చేరు నారాయణరావుగారి 1991 నాటి వ్యాసం చదివినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. దాటిపోదాం.

మా తగవు వియ్యపురాలి పాటల దగ్గర. మాస్టారు అనేవారు: “అది కుక్కర్ విజిలమ్మా. ఆవిరి పోతుంది, మూత ఊడదు.” పెళ్లిలో తిట్టుకోమని పెద్దలే అనుమతి ఇస్తారు, తిట్టాక అందరూ భోజనాలకు లేస్తారు, ఇందులో ఎదిరింపు ఎక్కడుందని ఆయన ప్రశ్న. దీనికి ఆయన చూపే ఆధారం మానవశాస్త్రవేత్త మాక్స్ గ్లక్‌మన్. ఆగ్నేయ ఆఫ్రికాలో తిరుగుబాటు తంతుల మీద 1952లో ఇచ్చిన ఉపన్యాసంలో, ఏటా ఒకసారి ఆడవాళ్లు హద్దులు మీరినా చివరికి పాత కట్టుబాటే బలపడుతుందని గ్లక్‌మన్ వాదించాడు. (అదీ ఫ్రేజర్ పేరిట ఇచ్చిన ఉపన్యాసమే. ఇలాంటి వేదికల మీద ఎవరి పట్టు వాళ్లు పట్టడం నాతో మొదలవలేదు.) చరిత్రకారిణి నటాలీ జెమన్ డేవిస్ 1975లో దీనికి గట్టి జవాబే ఇచ్చింది: పండగలో తలకిందులైన స్త్రీ బొమ్మ పండగ దాటి అల్లర్లకూ ధైర్యం పోసిందని. మాస్టారు అది ఫ్రాన్సు సంగతి అని కొట్టిపారేశారు.

సరే, ఫ్రాన్సు వద్దు. గ్లక్‌మన్ ఖండానికే వెళదాం. ఆగ్నేయ నైజీరియాలో ఇగ్బో స్త్రీలకు ఒక ఆచారం ఉండేది. భార్యను కొట్టినవాడి ఇంటిముందు గుంపుగా చేరి, వాణ్ని వెక్కిరిస్తూ పాడుతూ ఆడుతూ, తప్పు ఒప్పుకునేదాకా కదిలేవాళ్లు కాదు. ఊరు ఒప్పుకున్న ఆచారమే. 1929లో ఆడవాళ్ల మీద పన్ను పడుతుందన్న భయంతో అదే ఆచారాన్ని బ్రిటిష్‌వాళ్లు నియమించిన పెత్తందార్ల వాకిళ్లకు తీసుకెళ్లారు. పాడే తీరు మారలేదు. కాల్పుల్లో యాభైమందికి పైగా స్త్రీలు చనిపోయారు. విజిల్ వేసినందుకు ఎవరూ తుపాకి పేల్చరు కదా మాస్టారూ! అనుమతి ఉండేది పాటకు కాదు, వాకిలికి. ఎవరి గుమ్మం ముందు పాడారన్నది పట్టించుకోకుండా పాటను తూచడం మన విమర్శకులకు అలవాటైపోయింది.

ఈ అలవాటే కెనడా బామ్మల విషయంలోనూ కనిపిస్తుంది. 1987లో విక్టోరియా నగరంలో రేజింగ్ గ్రానీస్ అని ఒక గుంపు పుట్టింది. అణ్వస్త్రాలు మోయగల అమెరికా యుద్ధనౌకలు తమ రేవుకు రావడం వాళ్ల కోపం. శాంతి ఉద్యమంలోనే వయసు చూసి తమను పక్కన పెడుతున్నారన్నది ఇంకో కోపం. ప్రేమికుల రోజున పార్లమెంటు రక్షణ కమిటీ అధ్యక్షుడికి పగిలిన గుండె బొమ్మను కానుకగా పట్టుకెళ్లి పాడారు. చేతిలో చిల్లుల గొడుగు. అణు గొడుగు కింద తలదాచుకోమనే ప్రభుత్వాలకు అంతకంటే వివరణ అక్కర్లేదు. పూల టోపీలు, శాలువాలు, ఏప్రన్లు. అందరికీ తెలిసిన పాత వరసలకు కొత్త మాటలు.

వీళ్లనూ ముద్దుగా చూసి వదిలేస్తారు, అదీ విజిలే అంటారు. ముద్దుగా చూస్తే 2005లో శాక్రమెంటోలో మాతృదినం నాడు అమెరికాకూ పాకిన ఈ గుంపువాళ్లూ కలిసి చేసిన యుద్ధవ్యతిరేక సభ మీద కాలిఫోర్నియా నేషనల్ గార్డ్ నిఘా విభాగం ఎందుకు కన్నేసినట్టు? అదే ఏడు అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని సైనిక నియామక కేంద్రానికి పద్దెనిమిదిమంది బామ్మలు వెళ్లి, “మనవల బదులు మమ్మల్ని చేర్చుకోండి” అన్నారు. తలుపు తీయలేదు. అక్కడే కూర్చుంటే అరెస్టు చేశారు. విచారణనాటికి ఒకావిడకు తొంభై దాటాయి. 2006 ఏప్రిల్‌లో కోర్టు వదిలేసింది, వాళ్లు కూర్చున్నా పక్కనుంచి మనుషులు నడిచే చోటుందని. పాట గెలిచిందని నేననను, గెలిచింది పేవ్‌మెంటు వెడల్పు. కానీ చేతికర్రల మీద వచ్చినవాళ్లకు బేడీలు వేయాల్సి వచ్చిందంటే ఆవిరి ఎటు పోయిందో ఆలోచించండి.

అరువు వరసకు స్వంత కవిత్వం ఉండదన్నది మాస్టారి రెండో అభ్యంతరం. జరుక్ శాస్త్రి పేరడీని మెచ్చుకున్న నోటితోనే ఈ మాట ఎలా అన్నారో నాకు అర్థం కాదు. తెలిసిన వరస అయితే దారిన పోయేవాడు రెండో చరణానికల్లా గొంతు కలుపుతాడు. కొత్త వరస కడితే చప్పట్లు కొట్టి వెళ్లిపోతాడు.

ఒక వరస ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్లిందో వెతకడమే నేనిప్పుడు చేస్తున్న పని. నెల్లూరు పల్లెల్లో పాటల నోటుపుస్తకాలు చూస్తున్నాను. పాట నెత్తిన “ఫలానా పాట వరస” అని రాసి ఉంటుంది. ఒకదాంట్లో వియ్యపురాలి మీద ఒక పాట, నాలుగు పేజీల తర్వాత సారా కొట్టువాడి మీద ఇంకోటి, రెండింటి నెత్తినా అదే వరస. సారా మీద దూబగుంట ఆడవాళ్లు లేచిన కాలం నాటిదట, రాసినావిడ కోడలు చెప్పింది. అచ్చువేసేటప్పుడు మనవాళ్లు ఈ నెత్తిమీది మాటనే అనవసరమని కొట్టేస్తారు. పాట ఏ వాకిట్లోంచి ఏ వాకిట్లోకి వెళ్లిందో చెప్పే గుర్తు అదొక్కటే. ఈ పనికి సాయం అడిగితే ఒక కార్యాలయంవారు దరఖాస్తును జానపద నృత్యాల కింద వేసి, గజ్జెలకు కొటేషన్లు తెమ్మన్నారు. కొటేషన్లు ఇచ్చాను.

మీ ఇళ్లల్లో అమ్మమ్మల నోటుపుస్తకాలుంటే అక్షరదోషాలు దిద్దకుండా, నూనె మరకలు తుడవకుండా తీసుకురండి. చూసి వారంలో తిరిగి ఇస్తాను, రసీదు కూడా రాసిస్తాను.