రెండో పీపా చరిత్ర

ఈ స్మారకోపన్యాసానికి తీసుకున్న విషయం స్కాచ్ సింగిల్ మాల్ట్ చరిత్రలో ఒక చిన్న అధ్యాయం. ఏళ్ల తరబడి ఒక పీపాలో ముదిరిన విస్కీని, చివర్లో కొన్ని నెలలు వేరే పీపాలో ఉంచి తీస్తారు. ఆ రంగంలో దీన్ని ఫినిష్ అంటారు.

పీపా మొదట్లో రవాణా సామాను. 19వ శతాబ్దంలో స్పెయిన్ షెర్రీ వైన్ బ్రిటన్ రేవులకు ఓక్ పీపాల్లో వచ్చేది. వైన్ అమ్ముడుపోయాక మిగిలిన ఖాళీ పీపాలను స్కాట్లండ్ డిస్టిలరీలు నింపుకునేవి. తర్వాత 1930ల్లో అమెరికా, తన బోర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వచేయాలని నిబంధన పెట్టింది. ఒకసారి వాడిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు. అలా మిగిలిన, సుమారు 200 లీటర్లు పట్టే పీపాలు ఓడలెక్కి స్కాట్లండ్ చేరాయి. 1980ల్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నియమం రావడంతో, ఆ పాత పీపాల రాక నిలిచిపోయింది. దొరికినదాన్ని వాడుకునే కాలం పోయి, కావలసిన కర్రను ఏరికోరి తెచ్చుకునే కాలం వచ్చింది.

ఆ మలుపులో నిలిచే పేరు డేవిడ్ స్టీవర్ట్. 1962లో విలియం గ్రాంట్ అండ్ సన్స్‌లో గుమాస్తాగా చేరి, ఆ సంస్థ డిస్టిలరీ బాల్వెనీకి మాల్ట్ మాస్టర్ అయ్యాడు. 1980ల తొలినాళ్లలో, బోర్బన్ పీపాల్లో ముదిరిన విస్కీని షెర్రీ పీపాల్లోకి మార్చి చూశాడు. 1993లో వచ్చిన బాల్వెనీ డబుల్‌వుడ్ ఆ ప్రయోగ ఫలమే.

దాని తయారీని దగ్గరగా చూద్దాం. విస్కీ ముందు 12 ఏళ్లు అమెరికన్ ఓక్‌లో ఉంటుంది. కాల్చిన కర్రలోని లిగ్నిన్ విడిపోయి వెనిలా పరిమళాన్ని ఇస్తుంది. బొగ్గు పొర ముడి సారాలోని గంధకపు వాసనను పీల్చేస్తుంది. తర్వాత 9 నెలలు ఒలరోసో షెర్రీ నానిన యూరోపియన్ ఓక్‌లో. అక్కడ ఎండుద్రాక్ష వాసన, మసాలా ఘాటు, కాస్త వగరు తోడవుతాయి. చివరగా అన్ని పీపాల విస్కీనీ పెద్ద ఓక్ తొట్టెల్లో కలిపి 3, 4 నెలలు కుదురుకోనిస్తారు.

1990ల మధ్యలో గ్లెన్‌మొరాంజీ డిస్టిలరీ పోర్ట్, షెర్రీ, మదీరా వైన్ పీపాలతో ఈ పద్ధతిని ఊరూరా తెలిసేలా చేసింది. మన పొరుగున బెంగళూరులో అమృత్ సంస్థ తన పోర్టొనోవా విస్కీని పోర్ట్ పీపాలో ఉంచి, మళ్లీ బోర్బన్ పీపాకు తెచ్చింది. స్కాట్లండ్‌లో ఏటా సుమారు 2 శాతం విస్కీ ఆవిరైతే, బెంగళూరు ఎండకు 10 శాతం దాకా పోతుంది. పీపా మార్చే వేళను ఇక్కడ మరింత జాగ్రత్తగా కనిపెట్టాలి.

చట్టం సంగతి. 2009 నిబంధనల ప్రకారం స్కాచ్ కనీసం 3 ఏళ్లు, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో ఉండాలి. 2019లో టెకీలా వంటివి నిల్వచేసిన పీపాలకూ దారి తెరిచారు. రెండో పీపాలో ఎన్ని నెలలు ఉంచారో సీసాపై చెప్పి తీరాలన్న నియమం మాత్రం లేదు.

ఆ లోటు తీరాలి. ఫినిష్ మంచి మాల్ట్‌కు వన్నె తెస్తుంది. పచ్చి సారాను కప్పిపుచ్చడానికి వాడితే కొనేవాడికి అన్యాయం జరుగుతుంది. ఏ పీపాలో, ఎన్నాళ్లు ఉంచారన్న రెండు వివరాలూ ప్రతి సీసా మీదా అచ్చు వేయాలని తయారీదారులకు ఈ వేదిక విన్నపం.