డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుంటే లైఫ్ ఇన్సూరెన్స్ వస్తుందా?

తాండూరు నాపరాళ్ల లారీలు నడిపే తమ్ముళ్లూ, వికారాబాద్ అనంతగిరి ఘాట్‌లో బైకులు తిప్పే తమ్ముళ్లూ, ఈ ఎపిసోడ్ మీకే.

"అన్నా, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికిన. టర్మ్ పాలసీ ఇస్తరా?"

ఇవ్వొచ్చు. కాకపోతే హెల్మెట్ చలాన్ వేరు, ఇది వేరు. సెక్షన్ 185 కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఫారంలో మందు అలవాటు, కేసుల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ప్రీమియం పెరగొచ్చు, కాదనొచ్చు కూడా. కానీ "ఏం కాదు, నో అని టిక్ పెట్టు" అంటే వినకండి. ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 ప్రకారం, పాలసీ మొదలైన 3 ఏళ్లలోపు ముఖ్యమైన విషయం దాచారని తేలితే కంపెనీ క్లెయిమ్ ఆపొచ్చు. అప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగేది మీరు కాదు, మీ అమ్మ.

ఇంకోటి. యాక్సిడెంట్ రైడర్ ఉన్నా, తాగి నడిపితే మామూలుగా ఆ డబ్బు రాదు.

పాలసీ ఇప్పటికే ఉందా? ఫోన్‌లో ఆ పీడీఎఫ్ తెరవండి. మీ పేరు మీద ఎవరు ఏం టిక్ పెట్టారో ఈరోజే చూసుకోండి. తప్పుంటే కంపెనీకి రాసివ్వండి.

బండి పైలం. మళ్లీ కలుద్దాం!