ఇచ్చిందెంత? మారిందెంత?
(సింగపూర్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



విరాళాలతో నడిచే ఆరోగ్య కార్యక్రమాల వల్ల జనానికి నిజంగా మేలు జరుగుతోందా అని లెక్క చూడడం నా వృత్తి. ఈ దారిలో మాకు గురుతుల్యుడు ఒక తెలుగువాడే. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు.

హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో నేలలోని అయోడిన్ వానలకూ మంచుకూ కొట్టుకుపోతుంది. తిండిలో అది చాలక థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గొంతు వాస్తుంది. గర్భిణికి చాలకపోతే బిడ్డ మెదడే దెబ్బతింటుంది. ఉప్పులో అయోడిన్ కలపడమే మందని అప్పటికే తెలుసు. అయినా ఆయన, సహచరులు ఊరికే పంచేసి ఊరుకోలేదు. 1956లో లోయను మూడు భాగాలు చేశారు. రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు. ముందూ వెనుకా వాపు ఎందరికుందో లెక్కపెట్టారు. అయోడిన్ అందినచోట వాపు బాగా తగ్గింది. అందనిచోట తగ్గలేదు. ఆ మూడో భాగమే లేకపోతే, కాలం మారింది, తిండి మారింది, అందుకే తగ్గిందని ఎవరైనా కొట్టిపారేసేవారు. 1962లో దేశవ్యాప్తంగా గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

మరి ఆ ఏళ్ళన్నీ మామూలు ఉప్పు తిన్నవారి మాటేమిటి? ఇది తేలిక ప్రశ్న కాదు. వారి వల్లే మనకు నిజం తెలిసింది, కనుక వారికి మనం రుణపడ్డాం. ఫలితం తేలాక వారికీ అయోడిన్ ఉప్పు అందించారు. అక్కడా వాపు తగ్గింది. పరిశోధకుడు తీర్చవలసిన బాకీ అదే.

ఆ తర్వాత ఆయన ఎయిమ్స్‌కు డైరెక్టరుగా, 1979 నుండి 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలికి సారథిగా పనిచేశారు. 2001లో కన్నుమూశారు.

మనమున్న ఈ సింగపూరులో దానానికి కొరత లేదు. 1844లో టాన్ టాక్ సెంగ్ విరాళంతో పేదల కోసం పునాది పడ్డ ఆసుపత్రి నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. మనమూ సొంత ఊళ్ళలో వైద్య శిబిరాలు పెడుతున్నాం. ఎందరు వచ్చారో, ఎన్ని మందులు పంచామో ఫోటోలతో సహా అచ్చువేస్తున్నాం. ఆరు నెలల తర్వాత వారిలో ఎందరికి రక్తపోటు అదుపులో ఉంది? ఎందరు మాత్రలు మానేశారు? అది కూడా అడుగుదాం. విరాళంలో కొంత భాగం అందుకోసం తీసిపెడదాం. జవాబు మనకు నచ్చకపోయినా సరే, దాన్నీ అచ్చువేద్దాం. అపాత్రదానం వద్దన్నారు పెద్దలు. ఫలితం చూడని దానమూ దానికి చాలా దూరం కాదు.